మామునూరు రన్‌వే, మన తాతల ఎడ్ల బాట

మామునూరు ఎయిర్‌పోర్టు మాట మళ్లీ నడుస్తున్నది కాబట్టి ఈ పోస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఎంత దూరమంటే ఫోన్ చూసి చెప్పేస్తం: ఆకాశ మార్గంలో సుమారు 1,250 కిలోమీటర్లు, రెండు గంటల పైచిలుకు. కానీ మన పూర్వీకులు దూరాన్ని రోజుల్లో లెక్కగట్టిన్రు. ఆ లెక్క కూడా మనకు తెలవాలె.

అప్పట్లో తండా అంటే ఊరు కాదు, నడిచే బిడారు. ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ లంబాడీలు దేశమంతా తిరిగిన్రు. దక్కనుకు వచ్చిన మొగలు సైన్యాలకు తిండిగింజలు చేరవేసింది కూడా వాళ్లే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లీషు యాత్రికుడు ఉత్తరాదిన 14,000 ఎడ్లున్న తండాను చూసిండు. అది రోజుకు ఆరేడు మైళ్లకు మించి నడవదని రాసుకున్నడు. మేపుకుంటూ నడిపే ఎడ్లకు అదే వేగం. ఆ లెక్కన ఢిల్లీకి నాలుగు నెలలు దాటుతది.

తర్వాత నిజాం రాజ్యంలోకి రైలొచ్చింది. 1874లో సికింద్రాబాద్‌కు, 1886లో వరంగల్‌కు, 1889లో బెజవాడకు చేరింది. ఎడ్లు నెలల తరబడి మోసే సరుకును రైలు రోజుల్లో దించింది. మన బేరం పోయింది. దానికి తోడు, 1871లో తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద దేశంలో చాలా చోట్ల బంజారాలకు ముద్ర వేసిన్రు. ఆ చట్టం 1952లో గానీ పోలేదు. దూరం తగ్గింది నిజమే, కానీ దారులు తెలిసిన వాళ్లే దారి తప్పిన వాళ్లయిన్రు.

ఇప్పుడు మామునూరు సంగతి. మన వర్ధన్నపేట నుంచి వరంగల్ పోయే దారిలోనే ఉన్న ఈ విమానాశ్రయాన్ని 1930లో నిజాం కట్టించిండు. 1981 నాటికి విమానాలు ఆగిపోయినయి. 2008లో శంషాబాద్ మొదలైంది. దానికి 150 కిలోమీటర్ల లోపు ఇంకో ఎయిర్‌పోర్టు రావద్దని ఒప్పందం. మామునూరుకు గీత గీస్తే సుమారు 145! ఆ అయిదు కిలోమీటర్లే అడ్డం పడ్డయి. 2025 ఫిబ్రవరిలో గానీ కేంద్రం అనుమతి రాలేదు.

ఇవాళ మన తండా పిల్లలెవరైనా ఇంటర్వ్యూకు ఢిల్లీ పోవాలంటే ముందు ఆటో, తర్వాత వరంగల్ బస్సు, ఆ తర్వాత శంషాబాద్. విమానం ఎక్కేలోపే సగం రోజు అయిపోతది. గాలిలో ఉండేది రెండు గంటలే. అంటే మన ప్రయాణ కాలాన్ని తేల్చేది విమానం వేగం కాదు, తండా నుంచి రన్‌వే దాకా ఉన్న దూరం.

మామునూరు తెరిస్తే ఆ దూరం తగ్గుతది, సంతోషమే. కానీ రైలొచ్చినప్పుడు మనం దారి పక్కన నిలబడి చూసినం. ఈసారి అట్ల కావద్దు. అక్కడ వచ్చే కొలువులకు ఏ చదువు, ఏ ట్రైనింగ్ కావాల్నో ఇప్పటి నుంచే తెలుసుకుందాం. మీ తండాలో పెద్దవాళ్లు చెప్పే పాత ఎడ్ల బాటల ముచ్చట్లుంటే అడిగి రాసి పెట్టండి. అవి కూడా మన చరిత్రే.