నంద్యాల సభలోని కవి: పింగళి సూరనకు మహాకవిపీఠము చెల్లునా?

తెలుగునాట కవికి కీర్తి రెండు దారుల వచ్చుచున్నది. మొదటిది పద్యము. ఒక్క పద్యము జనుల నాలుకలపై నిలిచిన చాలును; దానిని చెప్పిన కవి తరతరములు బ్రదుకును. రెండవది రాజసభను గూర్చిన కథ. రాయలవారు పెద్దనకు స్వయముగా గండపెండేరము తొడిగిరనియు, తెనాలి రామకృష్ణుడు వికటములతో సభను నవ్వించెననియు చెప్పు కథలు మన పిల్లలకు ఆ కవుల కావ్యముల పేర్లకంటె ముందుగనే తెలియును. ఈ రెండు దారులలో దేనియందును చక్కగా ఇమడని కవి యొకడు కలడు. నంద్యాల ప్రభువునకు కావ్యము నంకితమిచ్చిన పింగళి సూరన ఆయన. సూరనను తెలుగు కవులలో మొదటి వరుసను కూర్చుండబెట్టవలయునా, లేక ‘మంచి కవియే, కాని...’ అని ఒక మాట నాన్చి ప్రక్కకు తప్పుకొనవలయునా? పండితులలో నూరేండ్లకు పైబడి నలిగిన ఈ ప్రశ్నను మేమిప్పుడు నంద్యాల, ఆళ్లగడ్డల దిక్కునుండి చూడదలచితిమి. విజయనగర వైభవపు వెలుగులో కానరాని కొన్ని సంగతులు ఇచ్చటినుండి స్పష్టముగా కనబడును.

ముందుగా సీమను చూతము. నంద్యాలకు ఆళ్లగడ్డ సుమారు 40 కిలోమీటర్ల దూరము. రెండును 2022లో ఏర్పడిన నంద్యాల జిల్లాలోనివే. ఒక ప్రక్క కుందూనది, మరియొక ప్రక్క నల్లమల కొండలు. ఆ నల్లమల ఒడిలో, ఆళ్లగడ్డ మండలమున, అహోబిలమున్నది. హిరణ్యకశిపుని వక్షమును గోళ్లతో చీల్చిన ఉగ్రనరసింహుడు వెలసిన క్షేత్రమది. 14వ శతాబ్దమున ఎఱ్ఱన నృసింహపురాణమును రచించి అహోబలస్వామికే అంకిత మొనర్చెను. కృష్ణదేవరాయలు ఈ స్వామిని సేవించి ఆభరణములు సమర్పించినట్లు శాసనమున్నది. నంద్యాలను ఏలిన ప్రభువులు ఆరవీటి వంశమునకు చెందిన ఒక శాఖవారు. తరువాతి కాలమున విజయనగర సింహాసనమును అధిష్ఠించినది ఈ ఆరవీటివారే. కావున నంద్యాల సభను మారుమూల సంస్థానమని తీసివేయరాదు. భయానకమును భక్తితో చూడనేర్చిన సీమ యిది. ఇట్టి సీమలో నెత్తుటి మరక గల కథ పుట్టుట వింత కాదు.

సూరన తండ్రి అమరనార్యుడు. పింగళివారి పూర్వుడొకడు పేకి యను దయ్యమును దాసిగా నేలుకొనెనను ఐతిహ్యమొకటి ఆ వంశమును అంటిపెట్టుకొని వచ్చినది. నిజానిజముల మాట యెట్లున్నను, చీకటితో చెలిమి చేసిన కవికి ఈ వంశకథ చక్కగా అతికినది. సూరన రచనలలో మనకు దక్కినవి మూడు. రాఘవపాండవీయము ఆకువీటి పెదవేంకటాద్రికి అంకితము. కళాపూర్ణోదయము నంద్యాల కృష్ణమరాజునకు అంకితము. ప్రభావతీప్రద్యుమ్నమును తన తండ్రికే అంకితమిచ్చెను. గరుడపురాణమును కూడ రచించెనందురు గాని అది దొరకలేదు.

ఇక అష్టదిగ్గజముల మాట. భువనవిజయ సభలో ఎనమండుగురు కవులుండిరని చెప్పు పట్టికలలో సూరన పేరు తరచుగా కనబడుచున్నది. కృష్ణదేవరాయలు రాజ్యమేలినది 1509 మొదలు 1529 వరకు. సూరన కావ్యములు వెలసినది రాయల అనంతర కాలమున, నంద్యాల, ఆకువీడు ప్రభువుల యాశ్రయమున. ఏ కావ్యమును ఆయన రాయలకు అంకిత మీయలేదు. కావున భువనవిజయములోని ఆ పీఠము జనుల అభిమానము ఇచ్చినదే గాని చరిత్ర యిచ్చినది కాదు. ఇది గౌరవముగా కనబడును, నిజమునకు నష్టము. రాయల సభలో ఎనమండుగురిలో ఒకనిగా చూచినంత కాలము పెద్దన వెనుక, తిమ్మన ప్రక్కన, రామకృష్ణుని కథల నడుమ సూరన మరుగున పడిపోవును. నంద్యాల సభలో చూచినచో ఆయన తన వెలుగులో తాను నిలుచును.

సూరన ప్రతిభ ఎట్టిది? రాఘవపాండవీయమున ఒకే పద్యము రామకథగను భారతకథగను నడుచును. సంస్కృతమున కవిరాజు మొదలగువారు ఇట్టి ద్వ్యర్థికావ్యములు చేసియుండిరి. తెలుగున వేములవాడ భీమకవి చేసెనని ప్రతీతి యున్నను ఆ గ్రంథము మనకు దక్కలేదు. దక్కినవానిలో త్రోవ చూపినది సూరనదే. తరువాత రామరాజభూషణుడు హరిశ్చంద్రనలోపాఖ్యానమున ఈ మార్గమునే తొక్కెను. ఒక మాటకు రెండర్థములు, ఒక పాదమున రెండు కథలు, ఎక్కడను తడబాటు లేని నడక. ఇది మాటల గారడియే యని చప్పరించువారు కలరు. అది గారడియే కావచ్చును. కాని భాష ఎంతవరకు వంగునో తెలిసికొనిన తరువాతనే సూరన కళాపూర్ణోదయమునకు సిద్ధమయ్యెనని తలచుటకు అవకాశమున్నది.

కళాపూర్ణోదయము ఎనిమిది ఆశ్వాసముల కావ్యము. పురాణములనుండి కథను తీసికొనుట కవులకు పరిపాటియై యున్న కాలమున ఆయన కథను స్వయముగా కల్పించెను. ద్వారకలోని కలభాషిణి అను వేశ్యాకన్య నలకూబరుని కోరును. నారదుని శిష్యుడైన మణికంధరుడను గంధర్వుడు తపస్సు చెడి రంభను కోరును. కలభాషిణి రంభ రూపము ధరించును. మణికంధరుడు నలకూబరుని రూపము ధరించును. ఇరువురును కోరినవారిని పొందితిమని భ్రమించి ఒకరినొకరు చేరుదురు. ఇంతవరకు నవ్వు పుట్టించు కథయే. కాని సూరన ఇచ్చట నిలువడు. ఆ కపటపు చెలిమి శాపమునకు, శాపము ఖడ్గమునకు దారి తీయును. మృగేంద్రవాహనాదేవి సన్నిధిని ఆమె అతని ఖడ్గమునకే గురియగును. పిదప అతడు శ్రీశైలమున భృగుపాతమొనర్చి, కొండకొననుండి పడి, మరుజన్మమున కళాపూర్ణుడను రాజగును. ఆమె మధురలాలసయై పుట్టును. ఆ శ్రీశైలము నేడు నంద్యాల జిల్లాలోనిదే.

ఇంకొక జంటను చూడుడు. కాశ్మీరమున శారదాపీఠమునందు సుగాత్రి యను కన్యకు శాలీనుడు భర్త. నగలతో, పట్టుచీరతో చేరవచ్చిన భార్యను చూచి అతడు ముడుచుకొనిపోవును. అతని మనసెల్ల దేవి తోటపనిపై. ఒకనాడామె అలంకారములను విడిచి తోటలో అతనితో పాటు చెమటోడ్చి పనిచేయును. అప్పుడే అతనికి ఆమెపై ప్రేమ మొలచును. తెలుగు కావ్యములలో ఇంత సున్నితమైన దాంపత్యకథ అరుదు. కాని ఆ శాలీనుడే తరువాత మణిస్తంభుడను సిద్ధుడై, కలభాషిణిని సింహముపై ఎక్కించుకొని కొనిపోయి, దేవికి బలియీయజూచును. సుముఖాసత్తియను పేర నున్న సుగాత్రియే అడ్డుపడి ఆమెను కాచును. పూలమొక్కకు నీరు పోసిన చేయియే కత్తి పట్టగలదని చెప్పుట సూరనకే చెల్లినది. ఆయన కావ్యములోని చీకటి రాక్షసులనుండి వచ్చునది కాదు. మంచివారి కోరికలలోనుండి వచ్చునది.

ఈ కథకంతకును మూలమేమి? బ్రహ్మ సరస్వతితో సరసమాడుచు ఒక కథ చెప్పెను. ఆ కథ బయటకు పొక్కెను. అంతట ఆ కథలోని మాటలు నిజములై భూమిపై మనుష్యులుగా పుట్టినవి. ఆట కొరకు చెప్పిన మాటకు ఎవరో ప్రాణములతో మూల్యము చెల్లింపవలసివచ్చెను. కళాపూర్ణుని కథ కళాపూర్ణుడు పుట్టకముందే రంభ నోట వినబడును. స్పెయిన్ దేశపు సెర్వాంటిస్ 1605లో డాన్ కిహోటే మొదటి భాగమును, 1615లో రెండవ భాగమును వెలువరించెను. రెండవ భాగములోని పాత్రలు మొదటి భాగమును చదివియుందురని పాశ్చాత్యులు మెచ్చుకొందురు. కథ తన్ను తాను ఎరిగియుండు ఇట్టి కల్పనను, అంతకు ముందటి శతాబ్దముననే, నంద్యాల ప్రభువు సన్నిధిలో తెలుగుకవి చేసి చూపెను.

మరి ఇట్టి కవికి తగిన కీర్తి ఏల రాలేదు? పంచకావ్యములని పెద్దలు లెక్కించు పట్టికలలో కళాపూర్ణోదయము సాధారణముగా కనబడదు. వసుచరిత్రకు అనుకరణములు పుట్టి ‘పిల్ల వసుచరిత్రలు’ అనిపించుకొనినవి. కళాపూర్ణోదయమునకు అట్టి సంతానము లేదు. కారణము మొదట చెప్పినదే. పెద్దన పద్యమును కావ్యమునుండి వేరుచేసి సభలో చదువవచ్చును; రేడియోలో రెండు నిమిషములలో వినిపింపవచ్చును; వినినవారు తల యూపుదురు. సూరన బలము విడి పద్యమున లేదు, కూర్పున ఉన్నది. మొదటి ఆశ్వాసమున రాలిన ఒక చిన్న మాట కొన్ని ఆశ్వాసముల తరువాత అర్థమై తగులును. దానినుండి ఒక పద్యమును పెరికి చూపుట, గోడనుండి ఒక రాయిని ఊడబెరికి ఇదిగో దేవళమని చూపుట వంటిది. కంఠస్థము చేయువారి లోకమున ఆసాంతము చదువవలసిన కవి వెనుకబడుట సహజము.

ఈ లోపమును మొదట గట్టిగా ఎత్తిచూపినవారు కట్టమంచి రామలింగారెడ్డిగారు. 1914లో వెలువడిన కవిత్వతత్త్వవిచారమున వారు కళాపూర్ణోదయమును తీసికొని, వర్ణనల మెరుగుకంటె కల్పన యొక్క బలము, పాత్రల స్వభావము కవికి ముఖ్యములని వాదించిరి. వసుచరిత్ర వంటి కావ్యముల ప్రతిష్ఠను ప్రశ్నించిరి. పండితలోకమున వాదప్రతివాదములు చెలరేగెను. తరువాత ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు ప్రథమ ఉపకులపతియైన ఆ విమర్శకుని మాట సూరనను మరల చదువరుల ముందునకు తెచ్చినది. 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును ఆంగ్లానువాదమును అమెరికాలో ప్రకటించిరి. దానివలన తెలుగెరుగనివారు సయితము ఈ కావ్యమును చదువ మొదలిడిరి.

ఎదుటి పక్షపు మాటయును వినవలయును. కథ చిక్కుపడి యున్నదని వారందురు. నిజమే, మారువేషములు, మరుజన్మలు, కథలో కథలు ఒకసారి చదివినవారికి అందవు. శృంగారవర్ణనలు కొన్ని నేటి కుటుంబములలో బిగ్గరగా చదువదగినవి కావు. ఆ లోపము ఆ కాలపు కవులందరికిని ఉన్నదే. బలి, ఆత్మహత్య, వంచన ఇంతగా గల కావ్యము నీతికి హాని యని కొందరికి తోచవచ్చును. ఈ మూడవ ఆక్షేపణను మాత్రము మేమంగీకరింపజాలము. సూరన హింసను మెచ్చుకొనలేదు. కోరిక మితిమీరినచో ఎవరి మెడపై కత్తి పడునో చూపెను. అహోబిలపు స్తంభమునుండి వెలువడిన ఉగ్రమూర్తిని కొలుచు జనులకు భయమునందును ధర్మముండునని వేరుగా చెప్పనక్కరలేదు.

కావున మా నిర్ణయమిది. ఒక్కొక్క పద్యపు తీపిని కొలబద్దగా పెట్టినచో పెద్దనకే మొదటి పీఠము. సూరన అభిమానులు ఆ పీఠమునకై పోరాడుట వృథా. కథాకల్పనను, మనుష్యహృదయములోని చీకటిని నిర్భయముగా చూచు చూపును కొలబద్దగా పెట్టినచో మన ప్రాచీనకవులలో సూరనను మించినవాడు మాకు కనబడడు. ఒక భాషకు రెండు కొలబద్దలును కావలయును. మొదటిదే ఉన్నచో మనకు పాడుకొనుటకు పద్యములు మిగులును గాని, మన కథకులు మనకు దక్కరు. నేటి నవలాకారునకు తన భాషలో పూర్వుడెవ్వడును లేడనిపించును. ఆ పూర్వుడు ఉన్నాడు, నంద్యాలలో ఉన్నాడు.

ఆళ్లగడ్డ శిల్పులు దేవతావిగ్రహములను, పెద్దల ప్రతిమలను చెక్కుటలో పేరుగన్నవారు. సూరన విగ్రహమును వారిచేత చెక్కింపవలయునని ఎవరైనను కోరినచో మేము సంతోషింతుము. అయితే శిల్పి ఒక్క మొగమునో ఒక్క చేతినో చెక్కి పనియైనదనడు. నిలువెత్తు రూపము తేరువరకు ఉలిని దింపడు. సూరనను చదువువారికిని అంత ఓపిక కావలయును. ఎనిమిది ఆశ్వాసములను తుదివరకు చదివిన ఇల్లు పది యేర్పడినను చాలును. భువనవిజయములో కల్పించి యిచ్చిన పీఠము ఆయనకు అప్పుడు అక్కరలేదు. నంద్యాలలో తాను సంపాదించుకొనిన పీఠమే చాలును.