రాతి దారుల్లో సైకిలు: మన్నికైన టైరును ఎంచుకోవడం ఎలా?

జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్ పరిసరాల్లో కొండదారుల సైకిలు ప్రయాణానికి అనువైన ప్రాంతాలు అనేకం ఉన్నాయి. వాటికి చేరువలోనే, సరాయ్‌కేలా-ఖర్‌సావాఁ జిల్లాలో, ఆదిత్యపూర్ పారిశ్రామికవాడను ఆనుకొని ఉన్నది గమ్హరియా. ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఉక్కు కర్మాగారంలో ఉపాధికై తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ ప్రాంతంలో తరతరాలుగా నివసిస్తున్నాయి. ఇక్కడి రాతి బాటల మీద సైకిలు తొక్కేవారికి ఎదురయ్యే ప్రధాన సమస్య టైరు చిరిగిపోవడం. రాతి నేలకు తగిన టైరును ఎలా ఎంచుకోవాలో ఈ వ్యాసం వివరిస్తుంది.

నేల స్వభావం

జంషెడ్‌పూర్‌కు ఉత్తరాన సుమారు మూడు వేల అడుగుల ఎత్తుకు లేచిన దల్మా కొండలు అతి ప్రాచీనమైన లావా ప్రవాహాలు గట్టిపడగా ఏర్పడినవి. ఆ నల్లరాయి విరిగినచోట అంచులు పదునుగా ఉంటాయి. కొండల దిగువన అభ్రకపు పొరలున్న పలకరాళ్లు, మధ్యమధ్య తెల్లని పలుగురాళ్లు కనిపిస్తాయి. నది ఒడ్డున నీటి ఒరిపిడికి నునుపెక్కిన గులకరాళ్లు టైరును జారుస్తాయే గాని కోయవు. కొండవాలున విరిగిపడిన రాయి అలా కాదు. అది టైరును పక్కనుంచి కోస్తుంది.

గమనించవలసిన ముఖ్యాంశం ఇదే. దుకాణంలో టైరును చూసేవారి దృష్టి మొదట నేలను తాకే భాగం మీద, దానిపై ఉన్న గుబ్బల మీద పడుతుంది. రాతి దారిలో మాత్రం గుబ్బలు అరిగిపోకముందే పక్కగోడ చిరిగి టైరు పనికిరాకుండా పోవడం తరచు జరుగుతుంది. మన్నికను నిర్ణయించేది ప్రధానంగా ఆ పక్కగోడలోని నూలు పొరలే.

పక్కగోడ బలం

టైరు లోపల నైలాన్ దారాల పొరలు ఉంటాయి. అంగుళానికి ఎన్ని దారాలున్నాయో తెలిపే సంఖ్యను టీపీఐ అంటారు. 120 టీపీఐ టైరులో దారాలు సన్నగా ఉంటాయి. అది తేలికగా, మెత్తగా ఉండి రాళ్ల మీద హాయిగా సాగుతుంది. 60 టీపీఐ టైరులో దారాలు లావుగా ఉండి కోతను ఎక్కువగా తట్టుకుంటాయి. అయితే ఈ సంఖ్య ఒక్కటే ప్రమాణం కాదు. కొన్ని సంస్థలు అన్ని పొరల దారాలను కలిపి లెక్క చెబుతాయి. అందువల్ల పక్కగోడలో ఎన్ని పొరలున్నాయి, కోతను అడ్డుకునే ప్రత్యేక వస్త్రం ఉన్నదా అని విడిగా అడిగి తెలుసుకోవాలి.

బరువు కూడా ఒక ఆనవాలు. 29 అంగుళాల టైర్లలో పందేలకు వాడే తేలికపాటివి సుమారు 650 నుంచి 750 గ్రాములు, సాధారణ కొండదారులకు ఉద్దేశించినవి 850 నుంచి 1,000 గ్రాములు తూగుతాయి. నిటారు వాలుల కోసం చేసినవి 1,100 గ్రాములు దాటుతాయి. దల్మా దిగువ బాటల వంటి చోట్ల మధ్య తరగతి టైరు చాలు. తక్కువ బరువును చూసి ముచ్చటపడితే, దాని మూల్యం దారి మధ్యలో చెల్లించవలసి వస్తుంది.

కొలతలు, రబ్బరు

‘26 అంగుళాలు’ అనే పేరుతో మన దేశంలో వేర్వేరు కొలతల టైర్లు అమ్ముడవుతున్నాయి. కొండదారి సైకిలు రిమ్ముకు సరిపోయే వ్యాసం 559 మిల్లీమీటర్లు. 26 × 1⅜ అని రాసి ఉండే సాధారణ సైకిలు టైరుది 590 మిల్లీమీటర్లు. ఒకటి మరొకదానికి సరిపోదు. 27.5 అంగుళాలకు 584, 29 అంగుళాలకు 622 గుర్తుంచుకోవాలి. టైరు పక్కన ‘57-622’ అని ఉంటే వెడల్పు 57 మిల్లీమీటర్లు, అంటే సుమారు 2.25 అంగుళాలు. రాతి నేలకు 2.25 నుంచి 2.4 అంగుళాల వెడల్పు అనుకూలం. కొనేముందు ఫ్రేములోనూ ఫోర్కులోనూ అంత చోటు ఉన్నదో లేదో చూసుకోవాలి.

మెత్తని రబ్బరు రాతిని బాగా పట్టుకుంటుంది, కాని త్వరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువకాలం మన్నుతుంది, తడి రాతిపై జారుతుంది. సైకిలును మలిపేది ముందు చక్రం కనుక దానికి మెత్తనిది, బరువు మోసేది వెనుక చక్రం కనుక దానికి గట్టిది అమర్చుకోవడం అనుభవజ్ఞుల పద్ధతి. వానకాలంలో ఎర్రమట్టి గుబ్బల మధ్య పేరుకుంటుంది. గుబ్బలు ఎడంగా ఉన్న టైరు ఆ మట్టిని విదిలించుకుంటుంది.

గాలి ఒత్తిడి

మంచి టైరు కూడా తప్పుడు ఒత్తిడితో పాడవుతుంది. గాలి మరీ తక్కువైతే రాతికీ రిమ్ముకూ మధ్య ట్యూబు నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. మరీ ఎక్కువైతే టైరు రాతి మీద ఒదగక ఎగిరిపడుతుంది, కోత కూడా సులువుగా పడుతుంది. సుమారు 70 కిలోల బరువున్నవారు ట్యూబు ఉన్న టైరులో ముందు 26 నుంచి 28, వెనుక 28 నుంచి 32 పీఎస్‌ఐతో మొదలుపెట్టి, అనుభవాన్ని బట్టి ఒకటి రెండు పాయింట్లు మార్చుకోవచ్చు. టైరు మీద ముద్రించిన గరిష్ఠ పరిమితిని మించరాదు.

ట్యూబ్‌లెస్ విధానంలో ట్యూబు ఉండదు కనుక అది నలిగే ప్రశ్న లేదు. లోపల పోసే ద్రవ సీలెంట్ ముళ్లు, ఇనుప తీగముక్కలు చేసే చిన్న రంధ్రాలను పూడ్చుతుంది. పారిశ్రామికవాడ రోడ్ల మీదుగా కొండకు వెళ్లేవారికి ఇది ప్రయోజనకరం. అయితే సీలెంట్ ఎండిపోతుంది. ఎండలు ముదిరిన నెలల్లో రెండు మూడు నెలలకొకసారి పరిశీలించి తిరిగి పోయాలి. పక్కగోడపై పడిన పెద్ద కోతను అది ఆపలేదు.

దారిలో జాగ్రత్తలు

దల్మా ఏనుగుల అభయారణ్యం. అటవీ శాఖ అనుమతి లేకుండా లోనికి వెళ్లరాదు. టైరు చిరిగి చీకటి పడేవేళ అక్కడ నిలిచిపోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. అందుకే ఒక ట్యూబు, పంపు, టైరు లివర్లు, పాత టైరు నుంచి కోసిన అరచేతి పొడవు ముక్క వెంట ఉండాలి. పక్కగోడ చిరిగినప్పుడు ఆ ముక్కను లోపల కోతకు అడ్డంగా పెట్టి, ట్యూబు వేసి, గాలి కొద్దిగా తగ్గించి నెమ్మదిగా ఇల్లు చేరవచ్చు. అది తాత్కాలిక ఉపాయమే. మరునాడు టైరు మార్చవలసిందే.

పక్కగోడలో దారాలు బయటపడినా, ఉబ్బు కనిపించినా, గుబ్బలు మొదలంటా ఊడినా ఆ టైరును కొండకు తీసుకెళ్లరాదు. ప్రయాణం ముగిసిన ప్రతిసారీ చక్రాన్ని ఒక చుట్టు తిప్పి రెండు పక్కలా పరీక్షించేందుకు రెండు నిమిషాలు చాలు. ఇంట్లో కనిపెట్టిన కోత అయితే ఖర్చుతో పోతుంది, కొండమీద కనిపిస్తే చాలా దూరం నడిపిస్తుంది.