ఒక్క ఫార్వర్డ్, పదకొండేళ్ల కేసు

మీరు లాస్ట్‌గా ఫార్వర్డ్ చేసిన పొలిటికల్ మీమ్ ఏంటో గుర్తుందా? నాకైతే లేదు. కానీ కోల్‌కతాలో ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్ మాత్రం తను చేసిన ఒక్క ఫార్వర్డ్‌ని మర్చిపోయే ఛాన్సే లేదు. దాని మీద దాదాపు పదకొండేళ్లు కేసు నడిచింది.

ముందు మమతా బెనర్జీ కథ కొంచెం తెలియాలి. 1984లో, 29 ఏళ్ల వయసులో, జాదవ్‌పూర్‌లో సీపీఎం దిగ్గజం సోమనాథ్ ఛటర్జీని ఓడించి ఎంపీ అయ్యారు. 1990లో కోల్‌కతా హాజ్రా దగ్గర జరిగిన దాడిలో ఆమె తల పగిలింది. 1993 జూలై 21న ఆమె నడిపించిన యూత్ కాంగ్రెస్ ర్యాలీపై పోలీసులు కాల్పులు జరిపితే 13 మంది చనిపోయారు. 1998లో తృణమూల్ పెట్టారు. 2011లో 34 ఏళ్ల లెఫ్ట్ ప్రభుత్వాన్ని దించేసి సీఎం అయ్యారు. అంటే ప్రభుత్వానికి ఎదురు మాట్లాడితే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు. సొంత ఒంటి మీద దెబ్బలు తిని తెలుసుకున్న మనిషి.

ఇప్పుడు 2012 మార్చికి వద్దాం. ఆమె పార్టీకే చెందిన రైల్వే మంత్రి దినేష్ త్రివేది బడ్జెట్‌లో ఛార్జీలు పెంచారు. మమతకి కోపం వచ్చింది. ఆయన్ని తీయించి, ఆ సీట్లో ముకుల్ రాయ్‌ని కూర్చోబెట్టారు. దీని మీద ఎవరో ఒక కార్టూన్ చేశారు. సత్యజిత్ రే తీసిన 'సోనార్ కెల్లా' సినిమాలో పిల్లాడి పేరు కూడా ముకులే. ఆ సినిమా డైలాగ్‌ని తిప్పి, చెడ్డోడు మాయమైపోయాడు అన్నట్టు జోకేశారు. అంతే. మనవాళ్లు రోజూ బ్రహ్మానందం ఫొటోలతో చేసే పనే.

జాదవ్‌పూర్ యూనివర్సిటీ ప్రొఫెసర్ అంబికేశ్ మహాపాత్ర దాన్ని తన హౌసింగ్ సొసైటీ వాళ్లకి ఈమెయిల్‌లో పంపారు. ఏప్రిల్ 12 రాత్రి పోలీసులు ఆయన్నీ, సొసైటీలో ఉండే ఒక పెద్దాయన్నీ పట్టుకెళ్లారు. పోలీసుల కంటే ముందే పార్టీ వాళ్లు వచ్చి తనని కొట్టారని ప్రొఫెసర్ చెప్పారు. మర్నాడు బెయిల్ వచ్చింది. 'మాయమవడం' అంటే చంపేయడమని అధికార పార్టీ వాళ్లు అర్థం తీశారు. సీఎం కూడా అరెస్టుని సమర్థించారు.

పెట్టిన సెక్షన్లలో ఒకటి ఐటీ చట్టంలోని 66ఏ. ఆన్‌లైన్‌లో ఎవరికైనా చిరాకు తెప్పిస్తే చాలు, మూడేళ్ల దాకా జైలు వేయొచ్చు. 2012 నవంబర్‌లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో ఒక ఫేస్‌బుక్ పోస్టుకి ఇద్దరు అమ్మాయిల్ని అరెస్టు చేశారు. అది చూసి శ్రేయా సింఘాల్ అనే యువతి సుప్రీంకోర్టుకి వెళ్లింది. 2015 మార్చి 24న కోర్టు 66ఏని కొట్టేసింది. అదే నెలలో, ప్రొఫెసర్‌కీ పెద్దాయనకీ చెరో 50,000 రూపాయలు ఇవ్వమని కలకత్తా హైకోర్టు రాష్ట్ర ప్రభుత్వానికి చెప్పింది.

కథ అయిపోయింది అనుకుంటాం కదా? లేదు. 2021లో కింది కోర్టు మిగతా సెక్షన్లు తీసేసి, 66ఏ మాత్రం ఉంచింది! నేను కోడింగ్ చేసే రోజుల్లో ఇలాంటివి చూశా. ఫంక్షన్ తీసేశామనుకుంటాం, పాత సర్వర్‌లో అది రన్ అవుతూనే ఉంటుంది. కాకపోతే ఇక్కడ ఇరుక్కుంది సర్వర్ కాదు, మనిషి. 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు మళ్లీ కల్పించుకుని, ఇకపై ఎవరి మీదా 66ఏ కింద కేసు నడపకూడదని చెప్పింది. 2023 జనవరికి గానీ ప్రొఫెసర్ బయటపడలేదు.

ఈలోగా కార్టూన్‌లో ఉన్నవాళ్లు ఏమయ్యారు? త్రివేది 2021లో బీజేపీలో చేరారు. ముకుల్ రాయ్ 2017లో బీజేపీకి వెళ్లి, 2021లో తృణమూల్‌కి తిరిగొచ్చారు. మమత 2016లో, 2021లో మళ్లీ గెలిచారు. కోర్టు చుట్టూ తిరిగింది మాత్రం ఫార్వర్డ్ చేసినాయన.

ఇది మమత ఒక్కరి కథ అనుకోకండి. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వాలు మారాయి, పోస్టుల మీద కేసులు ఆగలేదు. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరికీ వాక్ స్వాతంత్ర్యం గుర్తొస్తుంది. కుర్చీ ఎక్కాక మీమ్ కూడా కుట్రలా కనిపిస్తుంది.

చివరిగా నా సంగతి. నాకు అస్సలు నచ్చని పార్టీ కుర్రాడు ఒకడు పోస్టు పెట్టి అరెస్టయితే, ఫ్రెండ్స్ గ్రూప్‌లో నవ్వే ఎమోజీ పెట్టాను. వాడు రాసింది తప్పా, నేరమా అని కూడా చూడలేదు. ఈ కేసు చదివాక ఆ ఎమోజీ గుర్తొచ్చి సిగ్గేసింది. అవతలోడి అరెస్టుకి మనం నవ్విన ప్రతిసారీ, రేపు మన ఇంటికొచ్చే పోలీసుకి దారి చూపిస్తున్నట్టే.

మీరెప్పుడైనా అలా నవ్వారా? నిజాయితీగా కామెంట్‌లో చెప్పండి. నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.