వజ్రాల రిపోర్టులో కొలత ఎంత, తీర్పు ఎంత?

వజ్రాల గ్రేడింగ్ రిపోర్టులో బరువు 1.02 క్యారెట్లు, రంగు ‘జి’, క్లారిటీ (స్వచ్ఛత) ‘వీఎస్1’ అని ఒకదాని కింద ఒకటి అచ్చై ఉంటే మూడూ ఒకేలాంటి నిజాలనిపిస్తాయి. నిజానికి బరువు తూచి రాసింది. మిగతా రెండూ కంటితో చూసి చెప్పిన తీర్పులు. ఏది కొలతో, ఏది తీర్పో విడదీసుకోవడమే రిపోర్టు చదవడం. రెండూ ఒకే కాగితం మీదికి చేరడానికి శతాబ్దాలు పట్టింది.

వరాహమిహిరుడు 6వ శతాబ్దంలోనే బృహత్సంహితలో వజ్రపరీక్షకు ఒక అధ్యాయం కేటాయించాడు. 17వ శతాబ్దంలో దక్కన్ గనులు తిరిగిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే ఇక్కడి వ్యాపారుల పద్ధతిని వివరంగా రాశాడు. రాత్రిపూట గోడగూట్లో పెద్ద వత్తి దీపం పెట్టి, రాయిని వేళ్ల మధ్య పట్టుకుని దాని స్వచ్ఛత చూసేవారట. నీలిఛాయ ఉందేమోనన్న అనుమానం వస్తే గుబురు చెట్టు నీడలో తేల్చుకునేవారట. ధర కట్టడానికి ఆయన చెప్పిన సూత్రం ప్రకారం, ఒక క్యారెట్ విలువను బరువు వర్గంతో హెచ్చవేయాలి. 15 క్యారెట్ల రాయికైతే 225 రెట్లు. గుణకారంలో తగాదా లేదు. ఆ మొదటి విలువ కట్టే కన్ను మాత్రం బేరంలో ఉన్నవాళ్లదే.

క్యారెట్ కూడా ఊరికో తీరుగా ఉండేది. 1907లో దాన్ని 200 మిల్లీగ్రాములుగా ఖరారు చేయడంతో బరువు పేచీ తీరే దారి దొరికింది. రంగుకు మాత్రం రివర్, వెసెల్టన్, కేప్ వంటి పేర్లు, ఎవరికి తోచినట్టు వాడే ఏ, డబుల్ ఏ గుర్తులు సాగాయి. 1931లో రాబర్ట్ షిప్లే అమెరికాలో స్థాపించిన జీఐఏ (జెమలాజికల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెరికా) సంస్థలో, 1953లో రిచర్డ్ లిడికోట్ ఆ పాత గుర్తులతో కలవకుండా ‘డి’ నుంచి ‘జెడ్’ వరకు రంగుల మెట్లు రూపొందించాడు. క్లారిటీకి పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం ప్రమాణమైంది. 1955లో తొలి రిపోర్టులు వచ్చాయి. బేరంతో సంబంధం లేని మూడో మనిషి అలా రంగంలోకి వచ్చాడు.

కంటితో ఇచ్చిన తీర్పే అయితే కాగితానికి విలువేమిటని అడగవచ్చు. ఒకే రకం వెలుతురు, పోల్చడానికి మాస్టర్ రాళ్లు, ఒకరికి మించిన పరీక్షకులు, అమ్మకంలో వాటా లేకపోవడం: ఇవే ఆ తీర్పుకు బలం. అయినా ఒకే రాయికి రెండు ల్యాబ్‌లు ఒక మెట్టు తేడాగా గ్రేడ్ ఇవ్వవచ్చు. అందుకే గ్రేడ్ ఎంతన్నదే కాదు, ఇచ్చిన ల్యాబ్ ఏదన్నదీ ధరలో లెక్కకొస్తుంది. యంత్రాలొచ్చాక కంటితో పనేమిటన్నది మరో ప్రశ్న. సహజ వజ్రమా, ల్యాబ్‌లో పెంచినదా తేల్చడానికి పరికరాలే దిక్కు. రిపోర్టులో ముందు చూడాల్సింది ఆ మాటే. కానీ మచ్చ రాయి నడిమధ్య ఉందా, అంచున దాగిందా అన్న తేడా ‘వీఎస్1’ అన్న గుర్తులో కనిపించదు. రిపోర్టులో రేఖాచిత్రం ఉంటే దాన్నీ, ఆపైన రాయినీ చూడాలి.

కాబట్టి కొలతలను కొలతలతోనే సరిచూసుకోవాలి. ఒక క్యారెట్ గుండ్రని రాయి వ్యాసం సుమారు 6.5 మిల్లీమీటర్లు ఉండాలి, 6.2 ఉంటే బరువు లోతులో దాగి, రాయి చిన్నగా కనిపిస్తుంది. అంచున లేజర్ నంబర్ చెక్కి ఉంటే రిపోర్టు నంబర్‌తో కలిసిందో లేదో భూతద్దంలో చూపించమని అడగాలి. తీర్పుల దగ్గరికి వచ్చేసరికి రెండు మూడు రాళ్లు పక్కపక్కన పెట్టి చూసి, కంటికి తెలియని మెట్టుకు అదనంగా డబ్బు పెట్టాలో వద్దో కొనేవారే నిర్ణయించుకోవాలి.