సైకిలుపై దూరయాత్ర – మోయవలసినదెంత?



ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసమొకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగినప్పుడు అనంతగిరి గుడి గురించో, తాండూరు నాపరాయి గురించో రాద్దామనుకున్నాను. కాని అవి మనలో ఎవరికి తెలియవు? ఇంతలో మా మనవడు ఒకరోజు రెండు కాగితాల జాబితా తెచ్చి నా ముందు పెట్టాడు. వచ్చే వేసవిలో జర్మనీలోని పస్సావు నుంచి ఆస్ట్రియాలోని వియన్నా దాకా డాన్యూబ్ నది వెంబడి సైకిలు మీద పోతాడట. మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దారి. "తాతా, ఇవన్నీ అవసరమే గదా?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబే ఈ వ్యాసం.

మన తెలుగు యాత్రా గ్రంథాలలో తొలినాటిది, ప్రసిద్ధమైనది ఏనుగుల వీరాస్వామయ్య గారి 'కాశీయాత్ర చరిత్ర'. చెన్నపట్నం సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఆయన 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న ఇల్లు చేరారు. పల్లకీ, బోయీలు, పరిచారకులు కలిపి దాదాపు వందమంది వెంట ఉన్నారు. మన హైదరాబాదు మీదుగానే సాగిపోయారు. దీన్ని ఆడంబరమనడానికి వీలులేదు. రైలు లేని కాలం. ముందు మజిలీలో బియ్యం దొరుకుతాయో లేదో తెలియని కాలం. దారిలో దొరకనిదంతా వెంట తీసుకుపోవలసిందే.

ఆ తర్వాత 54 ఏళ్లకు, 1884 ఏప్రిల్ 22న, థామస్ స్టీవెన్స్ అనే ఆయన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి సైకిలు మీద బయలుదేరాడు. అది నేటి సైకిలు వంటిది కాదు. ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తు, వెనుక చక్రం బొమ్మబండి చక్రమంత. అతని సామాను: మేజోళ్లు, అదనంగా ఒక చొక్కా, ఒక పిస్తోలు, ఒక వానకోటు. ఆ వానకోటే రాత్రికి పడక, అవసరమైతే డేరా. ఒక వస్తువు చేత మూడు పనులు చేయించుకోవడం ఆయన నేర్పు. 1886లో లాహోరు నుంచి గ్రాండ్ ట్రంక్ రోడ్డు మీద ఢిల్లీ, కాశీ మీదుగా కలకత్తా చేరాడు. అదే ఏడు డిసెంబరులో జపానులోని యొకొహామాలో యాత్ర ముగించాడు. సైకిలుపై లోకం చుట్టిన మొదటి మనిషిగా పేరు పొందాడు.

మనవారు మాత్రం తీసిపోయారా? 1923 అక్టోబరు 15న బొంబాయి నుంచి ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్లపై బయలుదేరారు. వారిలో ఆది హకీం, జాల్ బాపసోలా, రుస్తుం భూమ్‌గరా అనే ముగ్గురు ప్రపంచం చుట్టి 1928 మార్చి 18న తిరిగి వచ్చారు. నాలుగేళ్ల అయిదు నెలలు. సుమారు 71 వేల కిలోమీటర్లు. 1931 జులైలో రామనాథ్ బిశ్వాస్ అనే బెంగాలీ సింగపూరు నుంచి లోకయాత్ర మొదలుపెట్టాడు. ఆయన వెంట రెండు దుప్పట్లు, ఒక జత చెప్పులు, క్యారియరుకు కట్టిన మరమ్మతు పనిముట్ల పెట్టె ఉన్నాయని చెబుతారు. గమనించండి, బట్టలు తగ్గించాడు గాని పనిముట్లు తగ్గించలేదు.

ఈ తేడా నాకు పుస్తకాల వల్ల కాదు, అనుభవం వల్ల తెలిసింది. 1974 వానాకాలంలో నేను కొత్తగా చేరిన ఎల్.డి.సి.ని. వికారాబాదు నుంచి తాండూరుకు పహాణీలు చేర్చమని ఆదేశం. రైలు ఉంది గాని, దారిలో ధారూరు పక్క గ్రామాల్లోనూ పని ఉండటంతో సైకిలు మీద బయలుదేరాను. దూరం సుమారు 40 కిలోమీటర్లే. నా సామాను చూడాలి! రేకుపెట్టె, పరుపుచుట్ట, కిరసనాయిలు స్టవ్వు, రెండు గిన్నెలు, నాలుగు జతల బట్టలు. వాటన్నిటి మీద దస్త్రాల మూట. ట్యూబుకు అతికే ముక్కగాని, సొల్యూషన్ గాని, పంపు గాని లేవు.

బరువంతా వెనుక చక్రం మీదే. ధారూరు దాటాక రెండు పుల్లలు విరిగాయి, వెంటనే ట్యూబు పేలింది. వాన మొదలైంది. ఉన్న ఒక్క మైనపు గుడ్డను నా పరుపుకు చుట్టి ఉంచాను. దాన్ని విప్పి దస్త్రాలకు కప్పేలోగా మూట నానిపోయింది. సైకిలు తోసుకుంటూ రాత్రికి తాండూరు చేరాను. మెమో వచ్చింది, అది న్యాయమే. తడిసిన పుటలు తిరగరాయడానికి రెండు వారాలు పట్టింది. కాని ఒక ముసలి రైతు పేరున్న వరుసలో సిరా పూర్తిగా అలుక్కుపోయింది. అప్పు కోసం నకలు అడగవచ్చిన ఆయన మూడుసార్లు తిరిగిపోయాడు. మూడోసారి, "సారూ, నా పేరు వానకు కొట్టుకపోయిందా?" అని అడిగాడు. పాత పహాణీ వెతికి సరిచేశాము. ఆ మాట మాత్రం యాభై ఏళ్లయినా చెరగలేదు.

అందుకే మనవడితో కూర్చుని జాబితా సరిచేశాను. వంటిమీద ఒక జత, ఉతికి ఆరేసుకునేందుకు ఒక జత, చలికి ఒక పై చొక్కా, వానకోటు. పాసుపోర్టు, వైద్యుని చీటీతో మందులు. అదనపు ట్యూబులు, అతుకులు, పంపు, చిన్న పానాలు, నాలుగు పుల్లలు. వీటి జోలికి పోలేదు. మన పాత 28 అంగుళాల సైకిలు టైరు అక్కడి దుకాణాల్లో దొరకడం కష్టం గనుక అక్కడ చెల్లే సైజు చక్రమే ఉండాలన్నాను. విమానంలో సైకిలును పెట్టెలో సర్దేటప్పుడు పెడళ్లు విప్పాలని, పవర్ బ్యాంకు చేతిసంచిలోనే ఉంచుకోవాలని వాడు నాకు చెప్పాడు. బరువు వెనుక ఒక్కచోటే కాక ముందూ వెనకా పంచాలని నేను చెప్పాను. కిరాణా దుకాణం కాటా మీద మొదట 19 కిలోలు తూగిన మూట ఇప్పుడు తొమ్మిదికి దిగింది.

వీరాస్వామయ్య గారికి వందమంది కావలసివచ్చింది, దారిని నమ్మే వీలు లేదు గనుక. డాన్యూబ్ దారిలో ఊరూరా అన్నం దొరుకుతుంది, పడక దొరుకుతుంది. అక్కడ మోయవలసింది ఆగిపోయిన చక్రాన్ని మళ్లీ తిప్పే వస్తువులు, ఇతరుల సొత్తు ఏదైనా మన చేతిలో ఉంటే అది. తక్కినదంతా మన భయం బరువే.

ఇప్పుడు ఆదివారాలు హైదరాబాదు నుంచి కుర్రకారు సైకిళ్ల మీద అనంతగిరి ఎక్కుతుంటే చూస్తుంటాను. వారి వెనుక ఒక చిన్న సంచి తప్ప ఏమీ ఉండదు. మనమూ ఈ వయసులో మన అలమారాలు ఒకసారి తెరిచి చూసుకుంటే బాగుంటుందేమో. నేను మొదలుపెట్టాను. ఆనాటి రేకుపెట్టెను నిరుడు ఇచ్చివేశాను. ఆ మైనపు గుడ్డను మాత్రం ఇవ్వలేదు. చిరుగులు పడ్డా మడిచి దాచాను. మనవడి సంచిలో పెట్టబోతే, "తాతా, అది బరువు" అన్నాడు. నవ్వి తీసేశాను.