సేలం బస్సు

1981 జూలై 23. బొంబాయిలో వానల కాలం. వెస్టర్న్ ఎక్స్‌ప్రెస్ హైవే ఫుట్‌పాత్ మీదికి మున్సిపల్ కార్పొరేషన్ అధికారులు వచ్చారు. ప్లాస్టిక్ షీట్లు, కాన్వాసు గుడ్డ కప్పుకున్న ఒక గుడిసె నేలమట్టమైంది. అలాంటి గుడిసె కూల్చడానికి గునపం కూడా అక్కర్లేదు. అందులో ఉంటున్న తమిళ కూలీని, అతని భార్యని, 16, 13, 5 ఏళ్ల ముగ్గురు కూతుళ్లని సేలం బస్సెక్కించారు.

“ఎక్కడికి అప్పా?” అని చిన్నది అడిగే ఉంటుంది. “మన ఊరికి” అనే చెప్పి ఉంటాడు. ఆ పిల్లకి తెలిసిన ఊరు మాత్రం ఆ ఫుట్‌పాతే అయి ఉండాలి. దారిలో వాళ్లేం మాట్లాడుకున్నారో కోర్టు కాగితాల్లో లేదు. మిగతా కథంతా ఉంది.

అతను బొంబాయి వచ్చింది 1961లో. సొంత ఊళ్లో సెంటు భూమి లేదు, ఒకరి చేలో కూలి చేస్తేనే పూట గడిచేది. కరువొచ్చి ఆ కూలి కూడా పోయింది. బొంబాయి ఉత్తరపు కొసన ఉన్న దహిసర్‌లో ఒక కెమికల్ కంపెనీలో పని దొరికింది, రోజుకి 23 రూపాయలు. ఇక తల దాచుకునే చోటు కావాలి. ఫుట్‌పాత్ ఊరికే వస్తుందనుకుంటాం మనం. అక్కడి దాదా ఒకడు అతని దగ్గర 2,500 రూపాయలు గుంజాడు. 23 రూపాయల లెక్కన నూరు రోజులు దాటిన కూలి, ప్రభుత్వానిదైన రోడ్డు పక్కన నాలుగడుగుల జాగాకి! తులసీవాడి ఫుట్‌పాత్ మీద సంగమ్‌నేర్ నుంచి వచ్చిన మరొకతను 300 ఇచ్చుకున్నాడు. వెదుళ్లకి, ప్లాస్టిక్‌కి ఇంకో 700 అయింది. ఊళ్లో ఉన్న ఇల్లు కూలిపోతే వచ్చినవాడతను. నెలకి 350 జీతం మీద బదిలీ కార్మికుడు, అంటే రానివాళ్ల బదులు పనికెక్కేవాడు.

1981 జూలై 13న మహారాష్ట్ర ముఖ్యమంత్రి అంతులే ప్రకటన చేశాడు: ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లందరినీ ఖాళీ చేయించి సొంత ఊళ్లకి పంపేస్తాం. వానల్లో వాళ్లు పడే అవస్థ చూడలేకనట! ఆ వానల్లోనే గుడిసెలు పీకించారు. విలేపార్లే దగ్గరి కామరాజ్ నగర్ బస్తీ వాళ్లనైతే ప్రభుత్వ బస్సుల్లో కుక్కారని, ఆ ప్రయాణంలో ఇద్దరు పిల్లలు పుట్టారని, ఇద్దరు చనిపోయారని తర్వాత సుప్రీంకోర్టుకెళ్లిన మరో పిటిషన్‌లో ఉంది.

వలసపోయే చోట్లంటే బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని తెలంగాణలో ఊరికే అనలేదు. పాలమూరు బస్టాండులో బొంబాయి బస్సు కోసం మూటలతో కూర్చున్నవాళ్లని చూసినవారికి ఈ కథలో కొత్తేమీ కనపడదు. భూమి లేదు, ఒక్క కారు వాన తప్పితే పని లేదు. ముందుగా రోడ్డున పడేది వాళ్లే.

ఆ తమిళ కూలీ భార్యాపిల్లలు సేలంలో ఉండిపోయారు. అతను మాత్రం పని వెతుక్కుంటూ మళ్లీ బొంబాయి వచ్చాడు. మళ్లీ ఫుట్‌పాతే. ఎందుకొచ్చావని అడిగేవాళ్లకి నాదొక ఎదురు ప్రశ్న: సేలంలో ఆ 23 రూపాయలు ఎవరిస్తారు? ప్రభుత్వం అతన్ని ఇంటికి పంపానని అనుకుంది. నిజానికి పనినుంచి పంపేసింది.

ఈ సేలం అతనితో, ఆ సంగమ్‌నేర్ అతనితో కలిసి జర్నలిస్టు ఓల్గా టెల్లిస్ సుప్రీంకోర్టుకెళ్లింది. అయిదుగురు జడ్జీల ధర్మాసనంలో మన ఓ.చిన్నప్పరెడ్డి కూడా ఉన్నారు. 1985 జూలై 10న ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ తీర్పు చదివారు. బతుకుతెరువు హక్కు లేకుండా జీవించే హక్కు లేదని అందులో తేల్చారు. న్యాయశాస్త్ర విద్యార్థులు ఇప్పటికీ చదువుకునేది ఆ వాక్యాలే.

అదే తీర్పు తర్వాతి పేజీలు అంతగా ఎవరికీ గుర్తుండవు. ఫుట్‌పాత్ మీద ఇల్లు కట్టుకునే హక్కు ఎవరికీ లేదు, కార్పొరేషన్ తొలగించవచ్చు. కాకపోతే వానలు పోయాక ఇంకో నెల దాకా, అంటే అక్టోబరు 31 దాకా ఆగాలి. 1976 గుడిసెల గణనలో లెక్కకెక్కినవాళ్లకి మాలవణిలోనో మరోచోటో స్థలం చూపించాలి. స్థలం చూపించాకే ఖాళీ చేయించాలన్న షరతు మాత్రం పెట్టలేదు.