ఊపిరి వెంట నడిచిన స్కానర్

1977 జులై 3న న్యూయార్క్‌లో రేమండ్ డమాడియన్ బృందం మనిషి ఛాతీకి తొలి ఎంఆర్‌ఐ తీసింది. ఒక్క బొమ్మకు దాదాపు ఐదు గంటలు పట్టింది. లోపలున్న మనిషి ఈలోగా కొన్ని వేలసార్లు ఊపిరి తీసుకుని ఉంటాడు. బొమ్మ మసకగా రాక ఏమవుతుంది? మరుసటి ఏడాది నాటింగ్‌హామ్‌లో పీటర్ మాన్స్‌ఫీల్డ్ తన పొట్టనే స్కానర్‌కు అప్పగించాడు.

ఎంఆర్‌ఐ బొమ్మ ఒక్క క్లిక్కులో పడేది కాదు. గీత తర్వాత గీతగా కొలతలు పోగవుతాయి. గీతకీ గీతకీ నడుమ డయాఫ్రం సెంటీమీటరో, రెండో కిందికి దిగుతుంది, లివర్‌నీ వెంట లాక్కుపోతుంది. కంప్యూటర్‌కు ఆ సంగతి తెలియదు. కదలని వస్తువు కొలతలే అనుకుని బొమ్మ కట్టేస్తుంది. దాంతో పొట్టమీది కొవ్వుపొర తాలూకు నకళ్లు దొంతరలుగా లివర్‌మీద పడతాయి. రేడియాలజిస్టులు వీటిని ‘ఘోస్ట్‌’లంటారు. చిన్న గడ్డ ఒకటి వాటి చాటున దాక్కుంటే కనిపెట్టడం కష్టం.

మొదట్లో పొట్టకు గాలి బెల్టు కట్టి, ఊపిరి వదిలాక నిలకడగా ఉండే ఆ కాసేపే కొలిచేవారు. స్కాన్ చాలాసేపు సాగేది. 1985లో బ్రిటన్ పరిశోధకులు ‘రోప్’ పద్ధతి తెచ్చారు. కొలవడం ఆపరు, ఊపిరి ఏ దశలో ఉంటే దానికి తగిన గీతను అప్పటికప్పుడు ఎంచుకుంటారు. చివర్లో గీతలన్నీ సర్దితే ఎన్నో ఊపిరులు ఒకే నిదానమైన ఊపిరిలా కనిపిస్తాయి. ఘోస్ట్‌లు తగ్గి, కాస్త మసక మిగులుతుంది. వరస మార్చి సాధించిన ఈ పని నాకైతే అన్నిటికన్నా ముచ్చటగా తోస్తుంది.

దాదాపు అదే సమయంలో జర్మనీలోని గోటింగెన్‌లో ‘ఫ్లాష్’ అనే వేగమైన పద్ధతి పుట్టింది. స్కాన్ సెకన్లలోకి దిగింది. “ఊపిరి బిగబట్టండి” అన్న మాట అలా స్థిరపడింది. కానీ కడుపులో నీరు చేరి ఆయాసపడే రోగి ఇరవై సెకన్లు ఎక్కడ బిగబడతాడు?

1989లో మాయో క్లినిక్‌కు చెందిన రిచర్డ్ ఎమన్, జోయెల్ ఫెల్మ్‌లీ బెల్టు పని స్కానర్‌కే అప్పజెప్పారు. అసలు కొలతల మధ్యమధ్య ‘నావిగేటర్’ అనే చిన్న కొలత తీసి, అవయవం ఎంత జరిగిందో చూసి, ఆ మేరకు సరిదిద్దారు. తర్వాత దాన్నే డయాఫ్రం మీదికి గురిపెట్టారు. పైన నల్లగా ఊపిరితిత్తి, కింద తెల్లగా లివర్. ఆ రెంటి అంచు కొన్ని మిల్లీమీటర్ల హద్దులో ఉంటేనే కొలతను ఉంచుతారు. లేదంటే పారేస్తారు. ఒక్కోసారి సగానికి పైగా పోయేది.

న్యూయార్క్ యూనివర్సిటీ బృందం 2016లో ప్రచురించిన ‘ఎక్స్‌డీ-గ్రాస్ప్’ పద్ధతి ఆ వృథాను వద్దంది. ప్రతి కొలతనూ ఊపిరి దశను బట్టి వేర్వేరు గుంపుల్లో వేసుకుంటుంది. ఇక 2014 నుంచే సెయింట్ లూయిస్‌లో ఎంఆర్‌ఐ రేడియేషన్ యంత్రంతో జతకట్టింది. స్కానర్ కణితిని కనిపెట్టుకుని ఉంటుంది. ఊపిరితో కణితి ముందే గీసిన హద్దు దాటగానే కిరణం ఆగుతుంది, తిరిగి రాగానే మొదలవుతుంది.